మూసేసిన కిటికీల లెక్క: కాకినాడ పాత ఇంటి మరమ్మతు డైరీ

డిసెంబరు, ముసురు పట్టిన వారం

కాకినాడ జగన్నాథపురంలో ఉన్న ఒక మండువా లోగిలికి మరమ్మతు మొదలుపెట్టే ముందు చేయవలసిన కొలతల పనిలో ఉన్నాను. పైకప్పు పెంకు మార్చాలని, చెమ్మ పట్టిన గోడలను బాగుచేయాలని, వీలైతే గదుల్లోకి గాలీ వెలుతురూ వచ్చే దారి చూడాలని ఇంటివారు కోరారు. మూడో కోరికకు కొత్తగా గోడలు పగలగొట్టనవసరం లేదని ఇల్లు ఒకసారి చుట్టి రాగానే అర్థమవుతుంది, ఎందుకంటే ఈ ఇంటికి తెరిచి ఉన్న కిటికీల కంటే మూసేసినవే ఎక్కువ. అందుచేత పటంలో మూసిన ప్రతి కిటికీకీ ఒక సంఖ్య వేసి, అది ఎప్పుడు, ఎవరి వల్ల, ఏ అవసరానికి మూతపడిందో తేలిన తరువాతే దానిని తెరవాలో వద్దో నిర్ణయిస్తానని వారితో చెప్పి, ఒప్పించాను.

కారణం ఏమిటన్నదానికి ఇంటివారి దగ్గర ఒక జవాబు సిద్ధంగానే ఉంది. యుద్ధం రోజుల్లో బాంబుల భయంతో తాతగారు కిటికీలన్నిటినీ ఇటుకతో కట్టించేశారని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. ఈ ఊళ్ళో ఆ మాటను గాలికబురని కొట్టిపారేయలేము. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. రాత్రిపూట దీపం వెలుగు బయటికి పొక్కకూడదన్న ఆంక్షలు ఆ రోజుల్లో కోస్తా పట్టణాల్లో ఉండేవి. అయితే దీపం కనపడకుండా చేయడానికి నల్ల కాగితమో, నల్ల రంగో, దళసరి గోనెపట్టానో సరిపోతుంది. ఉక్కబోతకు పేరుపడ్డ ఊళ్ళో, కరెంటు పంకా ఏ కొద్దిమంది ఇళ్ళలోనో తిరిగే కాలంలో, రాత్రి వెలుతురును దాచడం కోసం పగటి గాలిని కూడా కట్టేసుకునే గృహస్థు ఉంటాడా అన్నది నా అనుమానం. ఆ అనుమానాన్ని ప్రస్తుతానికి కాగితం మీద రాసి పక్కన పెట్టాను.

ముసురు నాకు కలిసివచ్చింది. సున్నపు గార నీటిని పీల్చి తొందరగానే వదిలేస్తుంది, సిమెంటు పూత అలా వదలదు. అందువల్ల వాన వెలిసి గోడ ఆరుతున్న గంట రెండు గంటల్లో, పొడిగోడ మీద ఎంత వెతికినా దొరకని కిటికీల ఆకారాలు తడి మచ్చలుగా బయటపడ్డాయి. రాత్రి టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తే పూతలోని ఎత్తుపల్లాలు నీడలు పట్టి, కట్టిన చోటుకూ పాత గోడకూ మధ్య ఉన్న సన్నని నిలువు గీత స్పష్టంగా తేలింది. పాత గోడలో ఇటుకల వరసలు ఒకదాని మీద ఒకటి ఎడమిచ్చి పేర్చి ఉంటాయి కాబట్టి, పై నుంచి కింది దాకా ఒకే తిన్నగా దిగిన అతుకు ఎక్కడ కనపడినా అక్కడ ఒకప్పుడు ఖాళీ ఉన్నట్టే లెక్క. తాపీ పిడితో తట్టి చూసినప్పుడు వచ్చే డొల్ల మోత మూడో సాక్ష్యం, కానీ దాన్ని ఒంటరిగా నమ్మకూడదు. ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న పూత కూడా అలాగే మోగుతుంది.

వీధి గోడ తూర్పు ముఖంగా ఉంది. గుమ్మానికి కుడివైపు మూతపడిన కిటికీలు రెండు, ఎడమవైపు తెరిచి ఉన్నది ఒకటి, మూతపడినట్టు కనిపించేది ఒకటి. ఈ చివరి దాని దగ్గర జానెడు మేర గార గీకించాను. లోపల నిలువు అతుకు లేదు, పైన దూలం లేదు, ఇటుకల వరసలు రెండు పక్కల నుంచీ తెగకుండా సాగిపోయాయి. అంటే అది ఎన్నడూ కిటికీ కాదు. అటు రెండు ఉంటే ఇటు కూడా రెండు ఉండాలన్న అందం కోసం, కట్టినప్పుడే గోడలో అంగుళమున్నర లోతు పల్లం వదిలి, చుట్టూ కిటికీ చట్రంలా గారతో అంచులు తీర్చారు. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా ఇంటి కిటికీల లెక్క ప్రకారం పన్ను వేశారు. అక్కడ ఇటుకతో మూసిన పాత కిటికీ ఎక్కడ కనపడినా జనం ఆ పన్ను కథే చెబుతారు, వాటిలో ఎన్నో ఇలా అందం కోసం మొదటి నుంచీ గుడ్డిగా కట్టినవే అయినా. ఒక పెద్ద కథ దొరికితే దానికింద అన్ని కిటికీలనూ చేర్చేయడం అన్ని ఊళ్ళలోనూ ఉన్న అలవాటే. పటంలో దీని సంఖ్య కొట్టేశాను.

జనవరి, సంక్రాంతి తరువాత

ఉత్తరం వైపు గోడకు నాలుగు కిటికీలు మూసి ఉన్నాయి. లోపలినుంచి చూస్తే అవి నాలుగు గూళ్ళు. ఒకదానిలో దేవుడి పటాలు, మిగిలిన వాటిలో స్టీలు డబ్బాలు. గోడ మందం పద్దెనిమిది అంగుళాలు కాగా, మూసిన ఇటుక మందం నాలుగున్నర అంగుళాలే, అదీ బయటి అంచుకు ఆనించి కట్టినది, కాబట్టి లోపల అడుగుకు పైగా లోతు మిగిలింది.

బయటివైపు చూడడం కష్టమైంది. పక్కవారి మేడ గోడకూ దీనికీ మధ్య ఉన్న సందు అడుగు వెడల్పు మించదు. ఫోనును కర్రకు కట్టి లోపలికి పంపి తీసిన బొమ్మల్లో మూడు సంగతులు బయటపడ్డాయి. ఇటుకల మధ్య నుంచి పొంగిన సున్నం తుడవకుండా సందువైపు నాలుకల్లా వేలాడుతూ గట్టిపడింది. మూసిన భాగానికి బయట పూత లేదు, చుట్టూ ఉన్న పాత గోడకు ఉంది. మూడు చోట్ల టేకు చట్రం పీకేసిన గుంటలు ఉన్నాయి, నాలుగో చోట చట్రమూ ఊచలూ అలాగే ఉంచి వాటి వెనుక కట్టారు.

మేస్త్రి ఎటు నిలబడి పని చేస్తే అటువైపు అతుకులు తీర్చి తుడుస్తాడు, చెయ్యి అందని అవతలి వైపు పొంగిన సున్నం అలాగే మిగిలిపోతుంది. ఈ లెక్కన కట్టిన మనిషి ఇంటి లోపల ఉన్నాడు, అంటే మూసింది ఇంటివారే అనిపిస్తుంది. కానీ సందు అంత ఇరుకైనప్పుడు ఎవరు మూయించినా మేస్త్రి లోపల నిలబడక తప్పదు కనుక ఆ సాక్ష్యం సగం బలం కోల్పోతుంది. అసలు బలం పూత లేకపోవడంలో ఉంది. పక్క మేడ ఇంకా లేవని రోజుల్లో మూసి ఉంటే బయట కూడా గార తీసేవారు, కనీసం ఒక చెయ్యి సున్నమైనా కొట్టేవారు. కాబట్టి ముందు మేడ లేచింది, కిటికీలు చీకటి పడ్డాయి, ఆ తరువాత ఎప్పుడో ఇంట్లోవారు విసిగి మూయించారు. చట్రాన్ని వదిలేసిన ఆ ఒక్క కిటికీని మాత్రం మళ్ళీ తెరుస్తామన్న ఆశతో మూసి ఉంటారు. టేకు చట్రం వెల తెలిసిన మనిషి ఊరికే గోడలో పూడ్చడు.

ఇంటివారి మేనత్తగారు ఈ ఊళ్ళోనే ఉంటున్నారు. ఆమెకు బొమ్మలు చూపించి అడిగితే, “బాంబులకీ వీటికీ ఏం సంబంధం నాయనా? నా పెళ్ళినాడు మేళం వాళ్ళు ఆ కిటికీల కిందే కూర్చున్నారు కదా, అప్పుడు అటు ఖాళీ జాగానే” అన్నారు. ఆమె పెళ్ళి 1961లో. పక్క మేడ ఆ తరువాత పది పన్నెండేళ్ళకు లేచిందట. సందులో మురుగు నిలిచి, పందికొక్కులు పట్టి, వానాకాలం చూరునీళ్ళు చిట్లి లోపలికి పడుతుంటే మూయించారట.

ఇక్కడ చట్టం మాట ఒకటి చెప్పుకోవాలి. పొరుగువారి ఆస్తి మీద ఉండే వెలుతురు, దారి వంటి వాడుక హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మొదటి నుంచీ మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించినది. దాని 15వ సెక్షను ప్రకారం ఒక ఇంటికి ఇరవై ఏళ్ళ పాటు అడ్డు లేకుండా కిటికీ గుండా వచ్చిన వెలుతురుకు హక్కు ఏర్పడుతుంది, పక్కవాడు దానికి గణనీయంగా అడ్డం కట్టకూడదు. కొత్త కిటికీ తన స్థలం వైపు తెరుచుకోగానే పక్కవాడు తడికైనా అడ్డం పెట్టడం వెనక చాలా చోట్ల ఉన్నది ఈ ఇరవై ఏళ్ళ భయమే. అదే చట్టం 18వ సెక్షను కింద ఇచ్చిన ఒక ఉదాహరణ ఇంకా ఆసక్తికరమైనది: పొరుగింటి మరుగుకు భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవకూడదన్న ఆచారం ఒక ఊళ్ళో ఉంటే, ఆ ఆచారం కూడా హక్కుగా చెల్లుతుంది. అంటే మూసిన కిటికీ వెనక ఒక దావా ఉండవచ్చు, దావా వేయకుండా మింగిన కోపమూ ఉండవచ్చు. ఈ ఇంటి ఉత్తరపు కిటికీలకు హక్కు ఎప్పుడో పండింది, అయినా ఎవరూ కోర్టుకు పోలేదు. “వియ్యాలవారి మీద దావా ఏమిటండీ” అని మేనత్తగారు తేల్చేశారు.

ఫిబ్రవరి

గుమ్మానికి కుడివైపున్న వీధి గది. ఇక్కడ రెండు కిటికీలనూ పూర్తి గోడ మందాన, సిమెంటుతో, రెండువైపులా నున్నగా పూత వేసి మూశారు. పైన చూరు కింద రెండు చిన్న వెంటిలేటర్లు మాత్రం వదిలారు. గదిలో రెండు గోడల పొడుగునా ఛాతీ ఎత్తు వరకు పూత నల్లగా నునుపెక్కి ఉంది, ఆ మేరకే తెల్లని ఉప్పు పొర పొంగి, తుడిచినా వారం తిరక్కుండా మళ్ళీ వస్తోంది. నేల నుంచి ఎక్కే చెమ్మ కూడా ఉప్పును పైకి తెస్తుంది, కానీ అది నాలుగు గోడలకూ ఇంచుమించు ఒకే ఎత్తున గీత గీస్తుంది. ఇక్కడ రెండు గోడలకే ఉంది. బస్తాలు ఆనించిన చోటు అది. గిడ్డంగిగా అద్దెకు ఇచ్చిన గది అన్నమాట, ఉప్పో ఎరువులో నిలవ ఉంచారు. దొంగల భయమూ, వానజల్లు భయమూ ఉన్న సరుకుకు కిటికీ ఒక బెడద మాత్రమే. గోదావరి జిల్లాల మెట్టలో పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కూ, గుంటూరులో మిర్చి కోల్డు స్టోరేజీకీ కిటికీలు లేకపోవడంలో రహస్యమేమీ లేనట్టే, ఒక గది సరుకుదైపోయిన క్షణాన దాని కిటికీలకు పని తీరిపోతుంది.

కాలం గురించి సిమెంటు కొంత చెబుతుంది. 1982లో సడలించి 1989లో పూర్తిగా ఎత్తేసేదాకా సిమెంటు ప్రభుత్వ నియంత్రణలో ఉండేది. పర్మిట్టు మీద దొరికే బస్తాలను కిటికీలు పూడ్చడానికి ఇంత ధారాళంగా వాడేవారు కారు. ఇది రుజువు కాదు, మొగ్గు మాత్రమే. వెంటిలేటరు అద్దాలకు లోపలినుంచి మైదా జిగురుతో అంటించిన పాత దినపత్రికలు ఆ మొగ్గును బలపరిచాయి. తేదీ ఉన్న ముక్క దొరకలేదు కానీ అడుగు పొరలోనే ఈనాడు పేరున్న ముక్క వచ్చింది. ఆ పత్రిక 1974 ఆగస్టులో విశాఖపట్నంలో మొదలైంది కనుక కాగితం అంతకు ముందు అంటించినది కాదు. అంటించిన కాగితం ఎప్పుడూ మొదటి హద్దునే చెబుతుంది, చివరి హద్దును చెప్పదు. పాత పత్రికల కట్ట అటక మీద పదేళ్ళున్నా ఉండవచ్చు.

ఖాళీ ఇళ్ళను బయటినుంచి చూసేవారికి ఇదే లెక్క మరో రూపంలో పనికివస్తుంది. ప్లైవుడ్డు చెక్క మేకుల తలలు బయట కనపడుతుంటే, మూసినవాడు తాళం వేసి వెళ్ళిపోయాడు. తలలు లోపల ఉండి మొనలు బయటికి పొడుచుకొస్తుంటే, మూసినవాడు లోపలే ఉన్నాడు, లేదా మూసిననాడు ఉన్నాడు. కింది రెక్కలు కప్పి పై అద్దం వదిలితే కావలసింది మరుగు. పై నుంచి కిందిదాకా కప్పితే కావలసింది చీకటో, చల్లదనమో, భద్రతో. ఏసీ వచ్చాక ఊళ్ళలో వెంటిలేటర్లు ఎన్ని మూతపడ్డాయో గమనిస్తే, మూసిన కిటికీని చూడగానే పాడుబడ్డ కొంప అనుకోవడం ఎంత తొందరపాటో తెలుస్తుంది.

మధ్య గదికీ దక్షిణపు గదికీ నడుమ ఉన్న కిటికీ ఈ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ చెప్పింది. 1968లో పంపకాలు జరిగి దక్షిణపు వాటా తమ్ముడిగారికి పోయింది. దస్తావేజు ఇంటివారి దగ్గర ఉంది. మధ్య గదివైపు పదును బ్లేడుతో మెట్లుమెట్లుగా సున్నపు పొరలు గీకి చూశాను. పాత గోడ మీద నీలిమందు కలిపిన పొరల కింద ఇంకా ఎన్నో పొరలు ఉన్నాయి. మూసిన భాగం మీద నీలం పొరతోనే లెక్క మొదలవుతుంది. ఒక ఇటుక ఊడదీయించాను. దాని వెనక ఇటుక ఉండవలసిన చోట చెయ్యి పట్టేంత ఖాళీ. టార్చి వేసి చూస్తే రెక్కలు బిగించిన కిటికీ అలాగే నిలబడి ఉంది, చట్రంతో, ఊచలతో, గొళ్ళెంతో సహా. దాని అవతల మరో ఇటుక గోడ వెన్ను కనపడింది. ఇటువైపు ఇటుక సన్నది, అంగుళమున్నర మందం, పాత గోడల్లోనిదే, ఎక్కడో విప్పిన గోడ నుంచి తెచ్చినది. అటువైపు ఇటుక మూడంగుళాల మందం, కొత్తగా కొన్నది. ఇటు గోడ నుంచి పొంగిన సున్నం అటువైపు ఖాళీలోకి, అటు గోడ నుంచి పొంగినది ఇటువైపు ఖాళీలోకి దిగింది. అన్నదమ్ములిద్దరూ ఒకే కిటికీని ఎవరి వైపు నుంచి వారు, ఎవరి మేస్త్రితో వారు మూయించుకున్నారు. ఒక్క గోడ సరిపోయేదే, అయినా ఖర్చు రెండుసార్లు పెట్టారు. మా మేస్త్రి గారు ఇటుకను యథాస్థానంలో పెడుతూ, “మంచి టేకండి, చెద కూడా పట్టలేదు” అని మాత్రం అన్నారు.

మార్చి

పెంకు దింపినప్పుడు అటక వెంటిలేటర్లు చేతికి అందాయి. ఆకుపచ్చ రంగు గీకితే కింద నల్లని పొర వచ్చింది, అద్దం లోపలి ముఖానికే, బ్రష్షు చారలతో, అంచుల్లో చట్రం చెక్క మీదికి కూడా పాకి. ఊళ్ళోకి తెరుచుకునే అద్దాలన్నిటికీ ఉంది, మండువావైపు వాటికి లేదు. వీధికీ ఆకాశానికీ కనపడే అద్దాలకు మాత్రమే నల్ల రంగు పూయడానికి యుద్ధకాలపు ఆంక్షల కంటే తగిన కారణం నాకు తోచడం లేదు. తాతగారి కథ నిజమే అయి ఉంటుంది, అయితే అది ఈ అద్దాల కథ. ఇటుకతో మూసిన కిటికీలకు తరువాతి తరం దాన్ని తగిలించింది. రెండు అద్దాలను రంగుతో సహా అలాగే ఉంచమని ఇంటివారిని అడిగాను, ఒప్పుకున్నారు.

ఇక తెరిచే పని. జాతీయ భవన నిర్మాణ స్మృతి తేమ, వేడి ఉన్న ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు కిటికీలూ వెంటిలేటర్లూ ఉండాలంటుంది, తలుపులు లెక్కలోకి రావు. వీధి గది 12 అడుగులకు 15, అంటే 180 చదరపు అడుగులు, కావలసింది 30. ఉన్న వెంటిలేటర్లు రెండూ కలిపి 4. మూసిన కిటికీలు ఒక్కొక్కటి 14 చదరపు అడుగులు, కాబట్టి రెండూ తెరిస్తే గాని లెక్క తీరదు.

పూడ్చిన ఇటుకను తీసే ముందు దాని పైనున్న దూలం బతికి ఉందో లేదో చూడడం ఈ పనిలో ప్రాణం లాంటిది. ఏళ్ళ తరబడి గాలి తగలక గోడలో ఇరుక్కున్న చెక్కకు చెద పట్టి ఉండవచ్చు. దూలం పుచ్చిపోతే పైబరువంతా ఆ పూడ్చిన ఇటుకే మోస్తూ ఉంటుంది, తాత్కాలికమనుకున్నది ఆధారమై కూర్చుంటుంది. వీధి గదిలో రెండు చోట్లా తాటి దూలాలు, దబ్బనం గుచ్చితే అర అంగుళం కూడా దిగలేదు. అయినా లోపలా బయటా సరుగుడు బాదులు ఊతగా పోటీ పెట్టించి, పై వరస నుంచి కిందికి ఒక్కొక్క ఇటుకే తీయించాను. సిమెంటు అతుకులు ఉలికి లొంగక పక్కనున్న పాత సన్న ఇటుకల అంచులు కొన్ని పెచ్చులూడాయి. వాటిని సున్నంతోనే సరిచేయించాను, ఎందుకంటే సున్నపు గోడకు సిమెంటు మాటు వేస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఉప్పు పట్టిన సిమెంటు పూతను కూడా ఆ రెండు గోడల నుంచి పూర్తిగా దింపించాను.

ఏప్రిల్

వీధి గదికి రెక్కలు బిగించారు. ఉత్తరపు నాలుగు కిటికీలను తెరవడం లేదు; అడుగు సందులోకి తెరిస్తే మురుగు వాసనా దోమలూ తప్ప వచ్చేదేమీ లేదు. గూళ్ళను గూళ్ళుగానే ఉంచి, ఒక్కొక్కదాని పైభాగంలో అడుగు ఎత్తు మేర ఇటుక తీసి తీగ జాలీ బిగిస్తే వేడిగాలి పైనుంచి పోతుంది, డబ్బాల చోటు డబ్బాలకు మిగులుతుంది. మధ్య గది కిటికీ జోలికి వెళ్ళలేదు. గోడ ఉమ్మడిది, అవతలి వాటాదారుల అంగీకారం లేకుండా రెండో ఇటుక కదపకూడదు.

మిగిలింది పెరటివైపు పడమటి కిటికీ ఒకటి. దాని దూలంలోకి దబ్బనం పిడిదాకా దిగింది, పై మూల నుంచి చూరువైపు ఏటవాలుగా ఒక పగులు పోయింది. ఆ పగులుకు అడ్డంగా రెండుచోట్ల సన్నని గాజు పలకలు అతికించి తేదీ వేశాను. పలక విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టు, అప్పుడు వానలకు ముందే పోటీలు పెట్టి దూలం మార్చాలి. విరగకపోతే ఈ ఏడు పూడ్చిన ఇటుకను అలాగే బరువు మోయనిచ్చి, వానలు వెనకపట్టాక కొత్త దూలం వేసి అప్పుడు తెరుస్తాము. కొత్త దూలానికి చేవ తేలిన తాటిమాను చూసి పెట్టమని మేస్త్రి గారికి చెప్పాను.